మన ప్రీమియం డబ్బుతో ఇన్సూరెన్స్ కంపెనీలు ఎలా సంపాదిస్తాయి? బెజవాడ, గుంటూరు వాళ్ల ప్రశ్నలు, జవాబులు

గవర్నర్‌పేటలోనో బ్రాడీపేటలోనో ఏ ఇన్సూరెన్స్ ఆఫీసు దగ్గర నిలబడినా రెండు మాటలు వినిపిస్తాయి. "కట్టించుకోవడమే గానీ క్లెయిమ్ ఇచ్చేది లేదు, అంతా లాభమే" అనేది ఒకటి. "కంపెనీ నష్టాల్లో ఉంది సార్, ప్రీమియం పెంచక తప్పదు" అనేది రెండోది. రెండింట్లోనూ సగం సగం నిజం ఉంది. మనం ప్రీమియం కట్టిన రోజుకీ వాళ్లు క్లెయిమ్ ఇచ్చిన రోజుకీ మధ్య ఆ డబ్బు ఎక్కడుంది, దాని మీద వచ్చిన రాబడి ఎవరికి చేరింది అని చూస్తే తప్ప మిగతా సగం తెలియదు. కింది ప్రశ్నలన్నీ దాని చుట్టూ తిరిగేవే. కొన్నిచోట్ల లెక్క తేలిక కావడానికి అంకెలు నేనే అనుకుని వేశాను. అక్కడక్కడ ఆ మాట చెప్పాను కూడా.

ప్రీమియంలోంచి క్లెయిమ్‌లు పోగా మిగిలిందే కదా లాభం?

బండి, ఆరోగ్యం, అగ్నిప్రమాదం లాంటి జనరల్ ఇన్సూరెన్స్‌లో చాలాసార్లు అలా మిగిలేది ఏమీ ఉండదు. మన దేశంలో జనరల్ కంపెనీలన్నిటినీ కలిపి చూస్తే, ఏళ్ల తరబడి క్లెయిమ్‌లూ కమీషన్లూ ఆఫీసు ఖర్చులూ కలిపి వచ్చిన ప్రీమియాన్ని దాటిపోతూనే ఉన్నాయి. ఈ లెక్కకి వాళ్లు కంబైన్డ్ రేషియో అని పేరు పెట్టుకున్నారు. అది 100 కంటే తక్కువుంటే ఇన్సూరెన్స్ వ్యాపారంలోనే లాభం, 100 దాటితే ఆ వ్యాపారంలో నష్టం.

మరి 100 దాటిన కంపెనీ కూడా ఏడాది చివర లాభం చూపిస్తుందేం అంటే, పెట్టుబడుల మీద వచ్చే ఆదాయం వల్ల. నష్టాల్లో ఉన్నామని చెప్పి ప్రీమియం పెంచేవాళ్లు అబద్ధం చెబుతున్నారనలేం. లెక్కలో ఒక పేజీ చూపించి రెండో పేజీ చూపించడం లేదు, అంతే.

అంకెల్లో చెప్పండి.

ఇవి అనుకున్న అంకెలు. ఒక కంపెనీకి ఏటా 100 కోట్ల ప్రీమియం వస్తుంది. క్లెయిమ్‌లకు 80 కోట్లు, కమీషన్లూ జీతాలూ అద్దెలకు 30 కోట్లు పోతాయి. పదికోట్లు నష్టం, కంబైన్డ్ రేషియో 110.

కానీ ఈ ఏడాది ప్రమాదాలకి సంబంధించిన క్లెయిమ్‌లన్నీ ఈ ఏడాదే చెల్లించరు. కొన్ని సర్వే దగ్గర, కొన్ని కోర్టులో ఉంటాయి. కొన్ని జరిగిపోయినా ఇంకా కంపెనీ దాకా రానే లేదు. వాటికోసం పక్కన పెట్టిన సొమ్ము, ఇంకా గడువు తీరని పాలసీల ప్రీమియం కలిపి ఎప్పుడు చూసినా 150 కోట్లు కంపెనీ చేతిలో ఉందనుకోండి. దీన్నే ఫ్లోట్ అంటారు. దాని మీద 7 శాతం వస్తే పదిన్నర కోట్లు. వాటాదారుల సొంత పెట్టుబడి మరో 50 కోట్లుంటే దాని మీద మూడున్నర కోట్లు. మొత్తం 14 కోట్లు వచ్చాయి, వ్యాపారంలో పది పోయాయి, పన్నుకు ముందు నాలుగు కోట్ల లాభం మిగిలింది.

ఇక్కడ గమనించాల్సింది ఆ 150 కోట్లు కంపెనీవి కావన్న సంగతి. ఎప్పటికైనా పాలసీదారులకు ఇవ్వాల్సినవే. అయితే పాతవి చెల్లిస్తుంటే కొత్తవి వచ్చి చేరుతుంటాయి కాబట్టి ఆ మట్టం తగ్గదు, వ్యాపారం పెరిగే కొద్దీ పెరుగుతుంది.

మా డబ్బు వాళ్ల దగ్గర నిజంగా అంతకాలం ఉంటుందా?

పాలసీని బట్టి. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో టిక్కీలు (మిర్చి బస్తాలు) పెట్టి బ్యాంకు లోను తీసుకున్న వ్యాపారి సరుకుకి అగ్నిప్రమాద పాలసీ తీసుకోక తప్పదు. అది మహా అయితే ఏడాది. అగ్గి అంటుకుందా లేదా అన్నది వెంటనే తెలుస్తుంది, నష్టం ఎంతన్నది కొన్ని నెలల్లో తేలుతుంది. ఆరోగ్య పాలసీల్లో ఇంకా తక్కువ, ఈ నెల వచ్చిన డబ్బు వచ్చే నెల ఆసుపత్రికి పోతుంటుంది. వీటిలో పెట్టుబడి ఆదాయం పెద్దగా నిలవదు.

అసలు సంగతి థర్డ్ పార్టీలో, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి తీసుకునే పాలసీలో ఉంది. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త బైకుకి 5 ఏళ్ల, కొత్త కారుకి 3 ఏళ్ల థర్డ్ పార్టీ ప్రీమియం బండి కొన్నరోజే ఒకేసారి కట్టాలి. అంటే అయిదో ఏడాది రిస్కుకి కట్టాల్సిన డబ్బు కూడా మొదటిరోజే కంపెనీకి చేరుతుంది. పైగా ఒక ప్రాణం పోయిన కేసు మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌కి వెళ్తే తీర్పుకి ఏళ్లు పడుతుంది, ఆ తర్వాత హైకోర్టు అప్పీలు. అంతకాలం ఆ సొమ్ము బాండ్లలో ఉంటుంది. అయితే ఇది కంపెనీకి ఉచితంగా దొరికిన డబ్బేమీ కాదు. ట్రైబ్యునళ్లకి నష్టపరిహారం మీద పిటిషన్ వేసిన రోజు నుంచి వడ్డీ కూడా వేసే అధికారం చట్టంలో ఉంది, మామూలుగా వేస్తాయి కూడా. థర్డ్ పార్టీ రేటు కంపెనీ ఇష్టమూ కాదు, కేంద్రమే నోటిఫై చేస్తుంది.

జీవిత బీమా సంగతి చెప్పక్కర్లేదు. పాతికేళ్ల కుర్రాడు ఇవాళ కట్టిన మొదటి ప్రీమియం అతని పిల్లల పెళ్లిళ్ల దాకా అక్కడే ఉంటుంది.

ఆ డబ్బంతా షేర్ మార్కెట్లో పెడతారటగా?

అంతా కాదు, పెట్టనివ్వరు. జీవిత బీమా కంపెనీ మామూలు పాలసీల నిధిలో కనీసం 50 శాతం ప్రభుత్వ బాండ్లలోనూ ఆ తరగతి ఇతర సెక్యూరిటీల్లోనూ ఉండాలి. అందులో కేంద్ర ప్రభుత్వ బాండ్లే 25 శాతానికి తగ్గకూడదు. మరో 15 శాతానికి తక్కువ కాకుండా ఇళ్ల నిర్మాణం, మౌలిక సదుపాయాలకి వెళ్లాలి. జనరల్ కంపెనీలకైతే కేంద్ర బాండ్లు కనీసం 20 శాతం, ప్రభుత్వ సెక్యూరిటీలన్నీ కలిపి కనీసం 30 శాతం. పాలసీదారుల డబ్బుని దేశం బయట పెట్టుబడి పెట్టకూడదని ఇన్సూరెన్స్ చట్టంలోనే ఉంది.

ఇవి పోగా మిగిలిన భాగంలో మంచి రేటింగున్న కంపెనీల బాండ్లు, షేర్లు. ఎల్‌ఐసీ ఫలానా కంపెనీలో వాటా పెంచుకుందని టీవీలో వచ్చేసరికి మొత్తం డబ్బు అక్కడే ఉందనిపిస్తుంది గానీ, షేర్లు అందులో కొంతభాగమే.

ఒక విషయం మనవాళ్లకి ఎవరూ చెప్పరు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రిజర్వ్ బ్యాంకు ద్వారా మంగళవారం వేలాల్లో అప్పు తెస్తుందని పేపర్లో చదువుతుంటాం కదా, ఆ రాష్ట్ర బాండ్లు కొనేవాళ్లలో ఇన్సూరెన్స్ కంపెనీలు ముఖ్యులు. అమరావతి అప్పుల మీద అరండల్‌పేటలో టీ తాగుతూ వాదించుకునే ఇద్దరిలో ఒకరి పాలసీ డబ్బు ఆ అప్పులో ఉండే అవకాశం బాగానే ఉంది.

ప్రభుత్వ బాండ్లలో ఏడు శాతం లోపే కదా. మా దగ్గర రూపాయి వడ్డీకి తక్కువ ఎవరూ ఇవ్వరు. అంత తక్కువకి ఎలా గిట్టుబాటు?

రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. ఏడు శాతం మన లెక్కలో నెలకి 58 పైసలు, అంటే అర్ధ రూపాయి కంటే కాస్త పైన. వినడానికి చిన్నదే. కానీ రూపాయి వడ్డీకి ఇచ్చేవాడు తన సొంత డబ్బు ఇస్తాడు, అసలు మునిగితే తన డబ్బే మునుగుతుంది. ఇన్సూరెన్స్ కంపెనీ ఇతరుల సొమ్ము మీద, దాదాపు ఎగవేత లేని చోట, 58 పైసలు సంపాదిస్తుంది. ఎంత డబ్బు మీద సంపాదిస్తుందన్నదే తేడా. 2025 మార్చి చివరికి ఎల్‌ఐసీ నిర్వహించే ఆస్తులు 54 లక్షల కోట్ల రూపాయలు దాటాయి. అంత సొమ్ము మీద ఏడాది మొత్తానికి వంద రూపాయలకి ఒక్క పైసా తేడా వచ్చినా 540 కోట్లు.

ఎల్‌ఐసీకి వచ్చే లాభం ఎవరికి పోతుంది?

బోనస్ వచ్చే పాలసీలయితే ఎక్కువభాగం పాలసీదారులకే. 1956 ఎల్‌ఐసీ చట్టం ప్రకారం మిగులులో కనీసం 95 శాతం పాలసీదారులది, మిగిలింది ప్రభుత్వానిది. 2022 మేలో షేరు 949 రూపాయల చొప్పున ఐపీఓకి వచ్చే ముందు ఈ పంపకం మార్చారు. బోనస్ పాలసీల్లో వాటాదారుల భాగం దశలవారీగా 10 శాతానికి పెంచారు. ప్రైవేటు కంపెనీలకి ముందునుంచీ 90:10. బోనస్ లేని పాలసీల లాభం నూటికి నూరు వాటాదారులకే వెళ్తుంది.

ఈ ఆఖరి వాక్యం తెలిస్తే, ఈమధ్య ఏజెంట్లు బోనస్ పాలసీల కంటే "గ్యారంటీ" పాలసీల గురించి ఎందుకు ఎక్కువ మాట్లాడుతున్నారో అర్థమవుతుంది. ఎల్‌ఐసీ యాజమాన్యం తమ వ్యాపారంలో బోనస్ లేని పాలసీల వాటా పెంచుకుంటున్నామని బాహాటంగానే చెబుతోంది. వాటాదారుల వైపు నుంచి చూస్తే అది సరైన నిర్ణయమే. మనం ఏ వైపు ఉన్నామో మనం చూసుకోవాలి.

మా బాబాయి ఎల్‌ఐసీ ఏజెంటు. "పది లక్షలు కడితే పంతొమ్మిది లక్షలు" అంటున్నాడు. రెట్టింపు దగ్గరకి వస్తుంటే మంచిదే కదా?

బాబాయి అబద్ధం చెప్పడంలేదు, కాలం గురించి చెప్పడంలేదు. ఏటా 50 వేలు 20 ఏళ్లు కట్టి చివర 19 లక్షలు వస్తే ఆ డబ్బు పెరిగిన వేగం ఏడాదికి సుమారు 5.8 శాతం, మన లెక్కలో 48 పైసల వడ్డీ. అదే 50 వేలు 7 శాతం వచ్చేచోట అన్నేళ్లూ పడి ఉంటే దాదాపు 22 లక్షలయ్యేవి.

ఈ మూడు లక్షల తేడా అంతా కంపెనీ లాభం అనుకోవద్దు. మధ్యలో ఏదైనా జరిగితే ఇంటివాళ్లకి ఇచ్చే రక్షణకి కొంత పోయింది. బాబాయి కమీషన్‌కి, ముఖ్యంగా మొదటి ఏడాదిది, పెద్దముక్క పోయింది. బ్రాంచి ఖర్చులకి కొంత. వాటాదారులకి వెళ్లేది వీటి పక్కన చిన్నదే. బోనస్ పాలసీల్లో మన రాబడిని తినేది కంపెనీ లాభం కంటే అమ్మకం ఖర్చే ఎక్కువ. ఈ మాట ఎవరికీ రుచించదు, ఎందుకంటే లాభం తిన్న కంపెనీని తిట్టొచ్చు గానీ పండగకి ఇంటికొచ్చిన బాబాయిని ఏం తిడతాం?

గ్యారంటీ పాలసీల్లో ముప్ఫై ఏళ్ల తర్వాత ఎంతివ్వాలో ఇవాళే ఎలా రాసిస్తారు?

ఎక్కువగా ఇవాళే కొనేసి. కేంద్ర ప్రభుత్వం 30, 40 ఏళ్ల బాండ్లు ఎప్పటినుంచో అమ్ముతోంది, 2023 నవంబరులో 50 ఏళ్ల బాండు కూడా తెచ్చింది. వీటిని ప్రధానంగా కొనేది జీవిత బీమా కంపెనీలే. 7 శాతం ఇచ్చే 30 ఏళ్ల బాండు కొని, మీకు ఖర్చులన్నీ పోను అయిదు, అయిదున్నర శాతం గ్యారంటీ ఇస్తే మధ్యలో ఉన్నది వాళ్లది.

చిక్కు ఎక్కడంటే మీరు కట్టేది ఒక్కసారే కాదు. అయిదో ఏడాది, ఎనిమిదో ఏడాది మీరు కట్టే డబ్బుకి కూడా మాట ఇవాళే ఇచ్చేశారు. అప్పటికి వడ్డీరేట్లు 5 శాతానికి పడిపోతే? అందుకని రాబోయే ఏళ్లలో కొనబోయే బాండ్ల ధరని ఇప్పుడే బ్యాంకులతో ఒప్పందం చేసుకుని కట్టేసుకుంటారు. జీవిత బీమా కంపెనీకి షేర్లు పడిపోవడం కంటే వడ్డీరేట్లు మెల్లగా, ఏళ్ల తరబడి తగ్గుతూ పోవడమే పెద్ద టెన్షన్. 1997-2001 మధ్య జపాన్‌లో కొన్ని జీవిత బీమా కంపెనీలు మూతపడింది ఇలాగే. ఎక్కువ రాబడికి మాట ఇచ్చేశాయి, తర్వాత దేశంలో వడ్డీ అన్నదే దాదాపు లేకుండా పోయింది.

యూలిప్‌లో మార్కెట్ పెరిగితే కంపెనీకి లాభమా?

నేరుగా కాదు. యూలిప్ అంటే ప్రీమియాన్ని మార్కెట్ నిధుల్లో పెట్టే పాలసీ, అందులో పెరిగినా తరిగినా మీదే. కంపెనీ తీసుకునేది ఛార్జీలు. అందులో నిధి నిర్వహణ ఛార్జీ ఏడాదికి గరిష్ఠంగా 1.35 శాతం. ఇది లాభం మీద కాదు, ఉన్న మొత్తం మీద. మార్కెట్ పడినా తీసుకుంటారు. నిధి పెద్దదయ్యే కొద్దీ ఆ శాతం ఎక్కువ రూపాయలవుతుంది కాబట్టి మార్కెట్ పెరగడం వాళ్లకీ ఇష్టమే. అయిదేళ్ల లాక్-ఇన్ 2010 నుంచి ఉంది.

టర్మ్ పాలసీలో బతికుంటే పైసా రాదు. మరి అదంతా లాభమే కదా?

టర్మ్ ప్రీమియం ఎక్కువగా పోయినవాళ్ల ఇళ్లకి వెళ్తుంది. మన కంపెనీలు వాడే 2012-14 మరణాల పట్టిక ప్రకారం 30 ఏళ్ల వయసులో ఏడాదికి సుమారు వెయ్యిమందిలో ఒకరు పోతారు. పదివేలమంది తలా కోటి రూపాయల పాలసీ తీసుకుంటే, ఆ పట్టిక లెక్కన ఏడాదిలో దాదాపు పదికోట్లు ఇవ్వాలి. వయసు పెరిగే కొద్దీ ఈ సంఖ్య బాగా పెరుగుతుంది, ప్రీమియం మాత్రం మొదట రాసుకున్నదే. తొలి ఏళ్లలో ఎక్కువ వసూలు చేసి బాండ్లలో దాచి, చివరి ఏళ్లలో దాంట్లోంచి తీసి ఇస్తారు. వైద్య పరీక్షలు చేసి ఎంచుకున్నవాళ్లు పట్టిక కంటే మెరుగ్గా బతికితే అది లాభం. పెట్టుబడి వైపు నుంచి చూస్తే అన్ని జీవిత పాలసీల్లోనూ కంపెనీ చేతిలో తక్కువ డబ్బు నిలిచేది ఇందులోనే.

పోనీ ప్రీమియం వెనక్కిచ్చే టర్మ్ పాలసీ తీసుకుంటే?

లెక్క వేద్దాం, అంకెలు అనుకున్నవే. మామూలు టర్మ్‌కి ఏటా 12 వేలు, వెనక్కి ఇచ్చేదానికి 22 వేలు. 30 ఏళ్లకి 6 లక్షల 60 వేలు తిరిగిచ్చారు. "మొత్తం వెనక్కి వచ్చింది" అని సంతోషం. నిజానికి మీరు ఏటా అదనంగా కట్టిన 10 వేలే 4.7 శాతం చొప్పున పెరిగి ఆ మొత్తమయ్యాయి. 7 శాతం బాండ్లలో ఉంటే అవి పది లక్షలు దాటేవి. మామూలు టర్మ్ పాలసీకి పెట్టుబడి వ్యాపారాన్ని తగిలించే మార్గం ఇది. గట్టిగా చెబుతున్నాను, పాలసీ కొనేటప్పుడు "డబ్బు వృథా పోకూడదు" అన్న మన కోరికే కంపెనీలకి అన్నిటికంటే లాభమైన సరుకు.

మధ్యలో కట్టడం మానేస్తే కంపెనీకి లాభమా?

చాలాకాలం అలాగే ఉండేది. రెండేళ్లు కట్టి మానేసినవాడు కట్టిందాంట్లో పెద్దభాగం వదులుకునేవాడు, అది మిగతా పాలసీదారులకీ వాటాదారులకీ చేరేది. 2024 అక్టోబరు 1 నుంచి నియమాలు మారాయి. కొత్త పాలసీల్లో మొదటి ఏడాది ప్రీమియం పూర్తిగా కట్టి, ఏడాది నిండాక మానేసినా కొంత సరెండర్ విలువ వస్తుంది. అయినా నష్టం నష్టమే. కంపెనీ వైపునుంచి చూస్తే మొదటి ఏడాదిలోనే మానేసినవాళ్ల వల్ల వాళ్లకీ నష్టమే, అమ్మకం ఖర్చు అప్పటికే పెట్టేశారు.

బుడమేరు వరద లాంటిది వస్తే బాండ్లు అమ్ముకుని ఇస్తారా?

2024 సెప్టెంబరు మొదట్లో అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేటల్లో వేల బళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటిన ప్రవాహం వచ్చింది. క్లెయిమ్‌లు ఒకేసారి మీద పడ్డాయి. ఇలాంటి రోజుల కోసమే కంపెనీలు కొంత డబ్బు బ్యాంకు డిపాజిట్లలోనూ, కొద్దినెలల్లో తీరే ట్రెజరీ బిల్లుల్లోనూ ఉంచుకుంటాయి. పెద్ద దెబ్బని పూర్తిగా తమ మీద వేసుకోకుండా ముందే రీఇన్సూరెన్స్ (ఇన్సూరెన్స్ కంపెనీకే ఇన్సూరెన్స్) తీసుకుంటాయి. చట్టప్రకారం ప్రతి జనరల్ పాలసీలో 4 శాతం ప్రభుత్వ రీఇన్సూరెన్స్ కంపెనీ జీఐసీ రీకి ఇచ్చి తీరాలి, అంతకు మించి ఎంత, ఎవరికి ఇవ్వాలన్నది కంపెనీ లెక్క. దేశమంతా వ్యాపారం ఉన్న కంపెనీకి ఒక్క నగరంలో వరద వల్ల దీర్ఘకాలపు బాండ్లు నష్టానికి అమ్ముకునే అవసరం సాధారణంగా రాదు.

ఆ వరదలో అసలు దెబ్బతిన్నది థర్డ్ పార్టీ మాత్రమే ఉన్న బండివాళ్లు. వరదలో మునిగిన సొంతబండికి ఆ పాలసీ రూపాయి కూడా ఇవ్వదు. సమగ్ర పాలసీ ఉన్నవాళ్లలో కూడా నీళ్లలో స్టార్ట్ చేసి ఇంజను పాడుచేసుకున్నవాళ్లకి ఇంజను రక్షణ యాడ్-ఆన్ లేకపోతే చిక్కే. ఇది పెట్టుబడుల ప్రశ్న కాదు గానీ విజయవాడలో రాస్తూ చెప్పకుండా ఉండలేను.

క్లెయిమ్ ఎంత ఆలస్యం చేస్తే అంత వడ్డీ మిగులుతుంది కదా? అందుకే తిప్పుతున్నారా?

ఆలస్యమైతే బ్యాంక్ రేటుకి 2 శాతం కలిపి వడ్డీ ఇవ్వాలని నియమం. బాండ్లలో వచ్చేదానికంటే అది ఎక్కువే అవుతుంది. కాబట్టి నియమం సరిగ్గా అమలైతే ఆలస్యం వల్ల వాళ్లకి నష్టం. విచారణ అవసరం లేని మరణ క్లెయిమ్‌కి 15 రోజులు, విచారణ ఉంటే 45 రోజులు గడువు. తిప్పించుకోవడానికి కారణం చాలాసార్లు వడ్డీ కాదు, తక్కువమంది సిబ్బంది, సర్వేయర్లు, కాగితాలు, లేదా మొత్తానికే ఎగ్గొట్టే ఆలోచన. ఆలస్యమైన క్లెయిమ్‌లో వడ్డీ దానంతటదే వేయాలి. వేయకపోతే రాతపూర్వకంగా అడగండి.

అగ్రిగోల్డ్‌లా మునిగితే మా గతేంటి?

విజయవాడ కేంద్రంగా నడిచిన సంస్థలో లక్షలమంది డబ్బు ఇరుక్కున్న ఊళ్లో ఈ ప్రశ్న రాకపోతేనే వింత. తేడా ఏమిటంటే, ఇన్సూరెన్స్ కంపెనీ ఎక్కడ పెట్టుబడి పెట్టాలో తన ఇష్టం కాదు. పైగా బాధ్యతలు పోను చేతిలో ఉండాల్సిన అదనపు ఆస్తి (సాల్వెన్సీ) నియమం ప్రకారం కావలసినదానికి కనీసం ఒకటిన్నర రెట్లు చూపించాలి. ప్రతి మూడునెలలకీ హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐకి లెక్కలు ఇవ్వాలి. కంపెనీ సరిగ్గా లేకపోతే నియంత్రణ సంస్థ పగ్గాలు తీసుకోవచ్చు. సహారా లైఫ్ విషయంలో 2017లో అడ్మినిస్ట్రేటర్‌ని నియమించారు, 2023 జూన్‌లో ఆ పాలసీలన్నీ ఎస్‌బీఐ లైఫ్‌కి అప్పగించారు.

ఎల్‌ఐసీ పాలసీలకి ప్రకటించిన బోనస్‌తో సహా కేంద్ర ప్రభుత్వ హామీ చట్టంలోనే ఉంది. ప్రైవేటు కంపెనీలకి అలాంటి హామీ లేదు. బ్యాంకు డిపాజిట్లకి ఉన్న 5 లక్షల బీమా లాంటిది కూడా ఇన్సూరెన్స్ పాలసీలకి లేదు.

పెట్టుబడుల్లో వాళ్లు దెబ్బతిన్న సందర్భాలున్నాయా?

ఉన్నాయి. ఎల్‌ఐసీ పుట్టిన ఏడాదికే, 1957లో, హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లు 1 కోటి 24 లక్షలు పెట్టి కొంది. సొంత పెట్టుబడుల కమిటీని పక్కన పెట్టి కొన్న షేర్లవి. పార్లమెంటులో ఫిరోజ్ గాంధీ నిలదీశారు, చాగ్లా కమిషన్ బహిరంగ విచారణ జరిపింది, 1958లో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ఇవాళ కోటీ పాతిక లక్షలంటే బెంజి సర్కిల్ దగ్గర ఒక ఫ్లాట్. అప్పట్లో ఒక మంత్రి పదవి.

2018లో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ బాకీలు కట్టలేక చేతులెత్తేసినప్పుడు అందులో అతిపెద్ద వాటాదారు ఎల్‌ఐసీనే, దాదాపు నాలుగో వంతు. దానికి అత్యున్నత రేటింగ్ ఉండేది, మౌలిక సదుపాయాల కోటాలో సరిపోయేది కూడా. నియమాలన్నీ పాటించినా డబ్బు పోవచ్చనడానికి అంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

అమెరికాలో 2008లో ఏఐజీ పడిపోయింది మామూలు ఇన్సూరెన్స్ వల్ల కాదు. ఇతరుల అప్పులకి పూచీ ఇచ్చే ఒప్పందాలు విపరీతంగా రాసి, తన బాండ్లని అరువిచ్చి వచ్చిన డబ్బుని ఇళ్ల అప్పుల పత్రాల్లో పెట్టి పడింది. అక్కడి ప్రభుత్వం మొదటి విడతగానే 85 బిలియన్ డాలర్లు అందించాల్సి వచ్చింది.

అమెరికా పెట్టుబడిదారు వారెన్ బఫెట్ చేసిందీ ఇదేనా?

ఇదే, కానీ పద్ధతి వేరు. ఆయన 1967లో నేషనల్ ఇండెమ్నిటీ అనే కంపెనీని కొన్నప్పటి నుంచి ఫ్లోట్‌తో వ్యాపారాలూ షేర్లూ కొంటూ వచ్చారు. మన కంపెనీలకి ఆ స్వేచ్ఛ లేదు. ఎవరైనా ఏజెంటు బఫెట్ పేరు చెప్పి పాలసీ అమ్మితే, బఫెట్ ఆ ఒప్పందంలో కంపెనీ వైపు కూర్చునే మనిషని గుర్తుంచుకోండి.

మన ప్రాంతంలో పుట్టిన కంపెనీ ఏదైనా ఉండేదా?

ఉండేది. భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో 1923లో ఆంధ్రా బ్యాంకు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టారు. రెండేళ్ల తేడాలో రెండూ రావడం యాదృచ్ఛికం కాదు. స్థానికుల పొదుపు స్థానికంగానే తిరగాలన్నది అప్పటి స్వదేశీ ఆలోచన, ఇన్సూరెన్స్ ప్రీమియం అంటే దీర్ఘకాలపు పొదుపు. 1956లో 245 కంపెనీలనూ సొసైటీలనూ కలిపి ఎల్‌ఐసీ చేసినప్పుడు ఆ అధ్యాయం ముగిసింది.

పంటల బీమాలోనూ ఇలాగే సంపాదిస్తారా?

తక్కువ. పీఎం ఫసల్ బీమాలో రైతు కట్టేది ఖరీఫ్‌కి 2 శాతం, రబీకి ఒకటిన్నర, మిర్చి లాంటి వాణిజ్య పంటలకి గరిష్ఠంగా 5 శాతం. మిగతాది కేంద్రం, రాష్ట్రం ఇవ్వాలి. సీజను ఆరునెలలే, ప్రభుత్వాల వాటా ఆలస్యంగా వస్తుంది, కాబట్టి పెట్టుబడికి పెద్దగా సమయం దొరకదు. ఇక్కడ లాభమైనా నష్టమైనా వానని బట్టే.

ఒక కంపెనీ పెట్టుబడుల లెక్క నేను ఎక్కడ చూడొచ్చు?

ప్రతి కంపెనీ వెబ్‌సైట్‌లో పబ్లిక్ డిస్‌క్లోజర్స్ అనే పేజీ ఉండి తీరాలి, చాలావాటిలో అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. జీవిత కంపెనీలకి ఎల్-22 ఫారంలో నిధులవారీగా పెట్టుబడి రాబడి, 13వ నెలకీ 61వ నెలకీ ఎంతమంది ఇంకా కడుతున్నారో ఉంటాయి. ఈ రెండో అంకె ముందు చూడండి. అయిదేళ్లకి సగంమంది వదిలేసిన కంపెనీలో అమ్మకం ఎలా జరుగుతోందో అదే చెబుతుంది. జనరల్ కంపెనీలకైతే కంబైన్డ్ రేషియో, సాల్వెన్సీ, క్లెయిమ్‌ల వయసు (ఎన్నాళ్లుగా తేలకుండా ఉన్నాయో) చూస్తే చాలు.

బాబాయిని ఏమని అడగమంటారు?

ఇది బోనస్ పాలసీనా కాదా అని మొదట అడగండి. తర్వాత ఏటా కట్టేదీ ఏ ఏడాది ఎంత వచ్చేదీ ఒక కాగితం మీద రాయించుకుని, ఫోనులో ఎక్సెల్ తెరిచి ఐఆర్ఆర్ ఫార్ములాలో (ఏడాదికి నిజంగా ఎంత శాతం వచ్చిందో చెప్పేది) ఆ అంకెలు వేయండి, కట్టేవాటికి మైనస్ గుర్తు పెట్టి. మూడో ఏడాదిలో మానేస్తే ఎంతొస్తుందో కూడా అడగండి. మొహమాటానికి అప్పటికే సంతకం పెట్టేసి ఉంటే, పాలసీ కాగితం చేతికొచ్చిన రోజు నుంచి 30 రోజుల్లోపు ఫ్రీ-లుక్ కింద వెనక్కి ఇచ్చేయవచ్చు. గడిచిన రోజులకి రిస్కు ఖర్చు, వైద్య పరీక్ష ఫీజు, స్టాంపు డ్యూటీ మినహాయించుకుని మిగతాది తిరిగిస్తారు. దరఖాస్తు బాబాయికి కాకుండా నేరుగా బ్రాంచిలో ఇచ్చి రసీదు తీసుకోండి.